బిస్కెట్ల మీది మెరుపు

నరసరావుపేట,
15 డిసెంబరు 2025, సోమవారం.

అక్క యశోదకు, చెల్లెలు కృష్ణవేణి రాస్తున్నది.

ఫోన్లో నా నంబరు నువ్వు బ్లాక్ చేసి రెండేళ్ళయింది. మా ఆయన ఫోన్ నుంచి చేస్తే గొంతు గుర్తుపట్టి పెట్టేశావు. మా దీపశ్రీ ఫోన్ నుంచి చేస్తే ఎత్తనే లేదు. ఇక మిగిలింది కాగితం. మాచర్ల బస్సులో పార్సిల్ వేసిన ఈ డబ్బాలోనే ఉత్తరం పెడుతున్నాను. డబ్బా మీద బావ పేరు రాశాను. నా పేరు చూస్తే బస్టాండులోనే వదిలేసి వస్తావని తెలుసు.

మణిదీప్ అయ్యప్ప మాల వేసుకున్నాడని గురజాల పెద్దన్నయ్య చెప్పాడు. కార్తీకం వెళ్ళిన సోమవారం వేసుకున్నాడట. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. ఇన్నాళ్ళలో చుక్క ముట్టలేదని అన్నయ్య చెబుతుంటే నేను వంటింట్లో గచ్చు మీద అట్లాగే కూర్చుండిపోయాను. నాలుగేళ్ళ నుంచి మీరు పడుతున్నది నాకు తెలియనిది కాదు. వాడు నీ కడుపున పుట్టినా మొదటి స్నానం పోసింది నేను.

మందు మానినవాళ్ళకు తీపి మీద యావ పుడుతుందట. మా వీధిలో ఒకాయన మానినప్పుడు వాళ్ళావిడ జేబులో బెల్లం ముక్కలు వేసి పంపేది. అందుకని మణికి నేతి బిస్కెట్లు చేయించాను. చిన్నప్పుడు చలికాలం సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు బేకరీ గుమ్మంలో నా కొంగు పట్టుకుని నిలబడేవాడు. ట్రే బయటికి రాగానే ఆగలేక నోరు కాల్చుకునేవాడు.

నువ్వు అడగక ముందే చెబుతున్నాను. మా ఇంట్లో ఓవెన్ ఉంది, అందులో చేయలేదు. దీపశ్రీ ఆర్డర్లు తీసుకుని క్రిస్మస్‌కు ప్లమ్ కేకులు చేస్తోంది. అందులోకి గుడ్లు పోతాయి. దీక్షలో ఉన్నవాడికి ఆ ఓవెన్ తగలకూడదని, తలస్నానం చేసి, కొత్త గిన్నెలో పిండి కలిపి, యాకూబు బేకరీ బట్టీకి పట్టుకెళ్ళాను. మైదా మనది, నెయ్యి మనది, పంచదార మనది. అతనిది నిప్పు మాత్రమే.

దీపశ్రీ నిశ్చితార్థం రోజు జరిగింది తప్పే. మణి ఏ స్థితిలో వచ్చినా, ఆకు ముందు కూర్చున్నవాణ్ణి మా ఆయన రెక్క పట్టుకుని లేపకుండా ఉండాల్సింది. కానీ అక్కా, అంతకు ముందు వాడు వియ్యాలవారి ఎదురుగా సాంబారు బకెట్టు కాలితో తన్నిన సంగతి నువ్వు ఎవరికీ చెప్పవు. లేపిన సంగతే చెబుతావు. ఇది రాయకూడదనే అనుకున్నాను. రాసేశాను కాబట్టి ఉండనీ.

బిస్కెట్లు గాలి తగలకుండా పెట్టు. పది రోజులు మెత్తబడవు.

కృష్ణవేణి

మాచర్ల,
18 డిసెంబరు 2025.

ఏమే కృష్ణవేణీ,

నీ క్షేమం అడగడానికి రాయడం లేదు.

డబ్బా వచ్చింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మీ బావ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. నేను లోపలికి వచ్చేసరికి మణి ఐదు తినేశాడు, ఆరోది చేతిలో ఉంది. "పిన్ని చేసిందమ్మా" అని నవ్వాడు. వాడు పొద్దున పూట నవ్వగా చూసి నాలుగేళ్ళయింది. అందుకే నోరు మూసుకున్నాను. ఆ ఒక్క పూట నోరు మూసుకోవడమే నేను చేసిన పొరపాటు.

నిన్న ఎదురింటి రాహేలు వచ్చింది, వాళ్ళ చర్చిలో క్రిస్మస్ భోజనాలకు పిలవడానికి. పళ్ళెంలో ఉన్న బిస్కెట్టు తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. "యేడ చేపిచ్చారు యశోదక్కా, చానా బాగా వచ్చినయ్యే. పైన గుడ్డు పూస్తేనే ఇట్టా మెరుస్తయ్యి. మేమూ అట్నే చేపిస్తాం" అంది. పాపం దానికేం తెలుసు, మెచ్చుకోవడానికే అంది. నేను పళ్ళెం తీసి లోపల పెట్టేశాను.

మన పుట్టింట్లో ఏనాడన్నా గుడ్డు గడప దాటి లోపలికి వచ్చిందా. నీ కూతురు మాత్రం గుడ్లు పగలగొట్టి, గిలకొట్టి, ఆ కేకుల ఫోటోలు ఊరందరికీ పెడుతుంది. నేను నిన్ను బ్లాక్ చేశాను కానీ దాని ఫోటోలు నాకు వస్తూనే ఉంటాయి. అలాంటి ఇంట్లోంచి దీక్షలో ఉన్న నా కొడుక్కి తిండి పంపావు. పైగా నిప్పు మాత్రమే అతనిదని తెలివిగా ఒక మాట.

నీ మనసులో ఏముందో నేను చెప్పనా. మణి బాగుపడితే, ఆ రోజు వాణ్ణి ఆకు ముందు నుంచి లేపింది పాపమని పదిమందీ అంటారు. వాడు తాగుబోతుగానే ఉండిపోతేనే మీ మొగుడూ పెళ్ళాం చేసింది సబబవుతుంది.

నలభై ఒక్క రోజులు పూర్తయ్యాక జనవరి నాలుగున ఇరుముడి. ఈ ఇరవై ఎనిమిదిన మా ఇంట్లో ఇరవై ఒక్క మంది స్వాములకు భిక్ష పెడుతున్నాము. బూరెలు, పులిహోర, చక్కెర పొంగలి, గారెలు, పప్పుచారు. అన్నీ నా చేత్తోనే. మణి కూడా వాళ్ళ పక్కనే కూర్చుంటాడు. కొండకు వెళ్ళి వచ్చాక మాల నా చేత్తో తీయాలని గురుస్వామి చెప్పాడు. తల్లి తీయాలట. నేను ఆ రోజు కోసం బతుకుతున్నాను. అర్థమవుతోందా నీకు.

మణికి ఇంకా చెప్పలేదు. మిగిలిన బిస్కెట్లు పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను.

గుడ్డు పూశారా, లేదా. ఒక్క మాట రాయి. డొంకతిరుగుడు వద్దు.

యశోద

నరసరావుపేట,
20 డిసెంబరు 2025.

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పదకొండింటికి వచ్చింది. చదివి అన్నం తినలేదు. తినలేదని నీకు జాలి కలగాలని రాయడం లేదు. నాలుగు గంటలు పిసికిన పిండి నువ్వు మట్టిలో పూడ్చావు. కుక్కకు వేసినా అది తోక ఊపేది.

నీ కొడుకు తాగుబోతుగా ఉండాలని నేను కోరుకుంటానా. ఈ మాట రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది. వాడికి పచ్చకామెర్లు వచ్చినప్పుడు గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు కూర్చున్నది ఎవరు. నువ్వు నడుం నొప్పని ఇంట్లో పడుకుంటే వాడికి గంజి పట్టింది ఎవరు. అప్పుడు నా చేతికి ఏ దోషమూ లేదు. ఇప్పుడు వచ్చింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆదివారం పొద్దున ఆరింటికి చలిలో తల తుడుచుకుంటూనే బేకరీకి వెళ్ళాను. నా ముందు ఎనిమిది మంది ఉన్నారు, అందరివీ క్రిస్మస్ ట్రేలే. ఒకరి ట్రే ఒకరికి మారకుండా ప్రతివాళ్ళూ పిండి మీద చీటీ గుచ్చుతారు. నేను చీటీ మీద నా పేరు రాసి, కింద 'స్వామికి' అని కూడా రాశాను. యాకూబు చేతికే ఇచ్చాను. "గుడ్డు తగలకూడదు యాకూబూ" అన్నాను. "తెలుసమ్మా, నాకు ఇడిసిపెట్టండి" అన్నాడు. మా ఆయన షుగరు మాత్ర వేసుకుని టిఫిను కోసం చూస్తుంటాడని ఇంటికి వచ్చాను. గంటన్నర తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను.

అంటే, ట్రే బట్టీలోకి పోవడం నేను కళ్ళారా చూడలేదు. ఇది దాచను.

నీ ఉత్తరం చేత్తో పట్టుకునే బేకరీకి పరిగెత్తాను. యాకూబు లేడు. వాళ్ళ నాన్న జారిపడి తుంటి విరిగితే వినుకొండ వెళ్ళాడట. ఫోన్ తీయడం లేదు. బట్టీ దగ్గర ఉన్నవాళ్ళను అడిగితే, "ఈ నెలంతా అందరికీ గుడ్డే పూస్తున్నామండీ. మీ ట్రే మట్టుకు ఆయనే చేశాడు, మాకు తెల్దు" అన్నారు. నాకూ భయంగానే ఉంది. భయంగా ఉందని నీకు రాస్తే దాన్ని కూడా నా మీదే కొడతావని తెలిసీ రాస్తున్నాను.

యాకూబు రాగానే కనుక్కుని రాస్తాను. అది తేలేదాకా ఈ మాట మణి చెవిన వేయకు. ఎవరితోనూ అనకు. నన్ను తిట్టాలంటే ఇంకో ఇరవై ఉత్తరాలు రాసుకో, నేనే స్టాంపులు పంపుతాను. వాడి ముందు మాత్రం వద్దు.

కృష్ణవేణి

మాచర్ల,
22 డిసెంబరు 2025, మధ్యాహ్నం.

కృష్ణవేణీ,

పద్దెనిమిదిన రాశాను. ఇవాళ ఇరవై రెండు. పోస్టుమాను రెండుసార్లు మా గుమ్మం దాటి పోయాడు, రెండుసార్లూ నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. పూయలేదని రాయడానికి ఎంత కాగితం కావాలి. పూశావు కాబట్టే ఏం రాయాలో తోచక కూర్చున్నావు. నాకు అర్థమైంది.

నిశ్చితార్థం రోజున కూడా నువ్వు ఇంతే. మీ ఆయన నా బిడ్డను రెక్క పట్టుకుని ఈడుస్తుంటే నువ్వు వడ్డన గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డావు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకపోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అమ్మ పచ్చడి జాడీ నువ్వు పగలగొడితే నేను దెబ్బలు తిన్నాను. అప్పుడూ నువ్వు గోడకు ఆనుకునే నిలబడ్డావు.

నేను నీలాగా నిలబడేదాన్ని కాదు. ధనమ్మత్తకు చెప్పాను. ఆమె చెవులు మూసుకుంది. "సొంత చెల్లెలే చేసిందంటే ఇంక ఎవుర్ని నమ్మాలే" అంది. సాయంత్రం గురజాల పెద్దన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెబుతాను. నిన్ను వెనకేసుకు వచ్చేది ఆయనొక్కడే కదా. ఆయనకు కూడా నీ సంగతి తెలియాలి.

ఇవాళ వాడికి ఇరవై తొమ్మిదో రోజు. పొద్దున చన్నీళ్ళ స్నానం చేసి వణుకుతూ శరణుఘోష చెబుతుంటే వింటూ పొంగలిలో మిరియాలు వేశాను. ఎన్ని వేశానో తెలియలేదు. వాడు కళ్ళ నీళ్ళు కారుతున్నా ఏమీ అనకుండా తిన్నాడు. ఇట్లాంటివాణ్ణి నువ్వు ఏం చేశావో చూసుకో.

ఇక నాకు రాయకు.

యశోద

నరసరావుపేట,
24 డిసెంబరు 2025.

యశోదక్కకు,

రాయకు అన్నావు. ఇది మాత్రం రాస్తాను, నువ్వు చదువుతావు కూడా.

యాకూబు ఇవాళ పొద్దున వచ్చాడు. బేకరీ తలుపు తీయకముందే నేను అక్కడ ఉన్నాను. నీ మొదటి ఉత్తరంలో రాహేలు అన్న మాట అతనికి చదివి వినిపించాను. అతను ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అమ్మా, మాలేసుకున్నోళ్ళవి నేను ఎవురికీ అప్పజెప్పను. పొద్దున బట్టీ కడిగినాక మొట్టమొదట అయ్యే ఎక్కిస్తా. ఆ తర్వాతనే కిరస్తానం ట్రేలు. మీయి ముందే పెట్టా గాబట్టే మీరు గంటన్నరకే తీసకపోయారు. ముందున్న ఎనిమిది మంది నా మీద అరిచారు గూడా. పైన రాసింది గుడ్డు గాదు. పాలల్లో పంచదార కరిగిచ్చి కొత్త కుంచెతో నేనే రాశా. అదీ మెరుస్తది. మా నాయన కాడ నుంచీ స్వాముల ట్రేలు అట్టనే చేస్తన్నాం. కావాలంటే ఆ అక్కగారిని ఫోన్ చెయ్యమనండి, నేనే చెప్తా."

పాలు, అక్కా. పాలూ పంచదారా. నీ కొడుకు దీక్షకు ఏమీ కాలేదు. నేను గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. యాకూబు కంగారుపడి టీ తెప్పించాడు.

ఇప్పుడు నా సంగతి విను. పెద్దన్నయ్య సోమవారం సాయంత్రం నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ధనమ్మత్త కోడలు నిన్న మా చీరెల షాపుకు వచ్చి, చీరె చూస్తూ నన్ను చూడనట్టు వెళ్ళిపోయింది. నీకు ఆ నాలుగు రోజులు ఆగడానికి ఓపిక లేకపోయింది. నా ఉత్తరం ఇరవైనే పోస్టులో వేశాను, అది నీకు ఈపాటికి అంది ఉంటుంది. అందులో ఆగమనే రాశాను.

నువ్వు ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టి, మీ ఆయన వింటుండగా చెప్పు. కృష్ణవేణి గుడ్డు పెట్టలేదు, నేనే నోరు పారేసుకున్నాను అని చెప్పు. అది చేసేదాకా నువ్వు నాకు అక్కవు కావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇన్నేళ్ళుగా మింగుకున్నాను, ఇక మింగను. మణి తాగుడు ఎందుకు మొదలైందో ఊరంతా రకరకాలుగా చెప్పుకుంటారు. నాకు తెలుసు. ఇంట్లో నీ నోటికి ఆగలేక. ఆసుపత్రిలో వాడు నాతో అన్నాడు, "అమ్మ మాట్లాడతంటే నాకు ఎటన్నా పారిపోవాలనిపిస్తది పిన్నీ" అని. నీకు చెప్పలేదు, బాధపడతావని. ఇప్పుడు బాధపడు.

భిక్ష బాగా జరిపించు. బూరెల్లోకి పప్పు మరీ మెత్తగా ఉడకనీయకు, చిట్లిపోతాయి.

కృష్ణవేణి

మాచర్ల,
28 డిసెంబరు 2025, ఆదివారం.

కృష్ణవేణికి,

నీ ఇరవయ్యో తారీఖు ఉత్తరం ఇరవై మూడున వచ్చింది. ఇరవై నాలుగున రాసింది నిన్న వచ్చింది. రెండూ నా ముందే ఉన్నాయి.

సోమవారం సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేశాను. ఆయన నమ్మలేదు. "కిష్ణవేణి అట్టాంటిది గాదులేవే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిన్ను ఒక్క మాట అంటే ఆయన ఎప్పుడూ అంతే. గొంతు పెంచాను. "ఇంక దీక్షేంది అన్నయ్యా, ఇరవై తొమ్మిది రోజులూ గంగలో కలిసినయ్యి. గుడ్డు తినిపిచ్చింది నా బిడ్డ చేత. మాల ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అన్నాను. వెనక్కి తిరిగితే మణి గుమ్మంలో ఉన్నాడు. సాయంత్రం స్నానం చేసి వచ్చాడు. ఒంటి మీద నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"నిజమేనా అమ్మా" అన్నాడు.

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. అవతల అన్నయ్య వింటున్నాడు. ఏమో తెలియదురా, రాహేలు మాట వరసకు అంది, మీ పిన్ని ఇంకా జవాబు రాయలేదు అని చెప్పవచ్చు. అదే నిజం. కానీ అట్లా అంటే అన్నయ్య ముందు నా మాట పోతుంది. "నిజమే" అన్నాను.

వాడు పటం ముందుకు పోయి, మాల వాడే తీసి, పటానికి తగిలించాడు. నల్లపంచె మడిచి పెట్టాడు. ప్యాంటు వేసుకుని వెళ్ళిపోయాడు. మీ బావ వీధి చివరిదాకా పరిగెత్తారు. బుధవారం మధ్యాహ్నం ఎవరో ఆటోలో తెచ్చి అరుగు మీద దింపారు. చెప్పులు లేవు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

గురుస్వామిని గురువారం అడిగాను. ఊళ్ళో అందరినీ అడిగి, ఆయన్ను ఆఖరున అడిగాను. తెలియక తిన్నదానికి దోషం లేదమ్మా, స్నానం చేసి శరణు చెప్పుకుంటే సరిపోయేది, ఆ ముక్క ముందే నా దగ్గరికి వస్తే పోయేది కదా అన్నాడు. రాహేలు కూడా వచ్చి ఏడ్చింది. "నేను మా సంగతి చెప్పా గానీ మీయి అట్టా చేశారని అన్లేదు గదక్కా" అంది. అవును, అనలేదు.

ఇవాళ భిక్ష పెట్టాను. పిలిచినవాళ్ళకు వద్దని చెప్పలేకపోయాను. మణిదీ కలిపి ఇరవై రెండు ఆకులు వేశారు. ఒకటి తీసేయమని నేనే చెప్పాను. వాడు లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బూరెలు ఒక్కటి కూడా చిట్లలేదు.

నువ్వు రాసిన ఆ చివరి మాట, నా నోటి గురించి. చదివాను. వాడు అన్నది అని రాశావు కాబట్టి అబద్ధం కాదు.

ఇప్పుడు నేను రాయబోయేది చదివి నవ్వుకో, ఉమ్మి వేయి, నీ ఇష్టం. నిన్ను బతిమాలుతున్నానని మాత్రం అనుకోకు.

అది పాలేనని వాడికి చెప్పలేదు. నిన్నటి నుంచి నీ ఉత్తరం నా రవికలోనే ఉంది. పాలని తెలిస్తే, ఏ దోషమూ లేని దీక్షను నా ఒక్క మాట విని తన చేత్తో తెంచుకున్నానని వాడికి తెలుస్తుంది. నన్నేమీ అనడు. ఎప్పుడూ అనలేదు. లేచి వెళ్ళిపోతాడు, ఈసారి మళ్ళీ రాడు. గుడ్డు పిన్ని తినిపించింది, నా తప్పేమీ లేదు అనుకుంటే మళ్ళీ మాల వేసుకుంటాడేమో. వచ్చే సోమవారం వేసుకుంటే నలభై ఒక్క రోజులకు కొండ మీద ఫిబ్రవరి నెలపూజలకు తీసుకుపోతానని గురుస్వామి అన్నాడు. మధ్యలో ఉన్నది ఏడు రోజులు.

గుడ్డు పూసింది నిజమేనని నీ చేత్తో రాసి పంపు. నీ చేతిరాత వాడికి తెలుసు. నేను చెబితే నమ్మడు, నేను ఏం చెప్పినా వాడు ఇక నమ్మడు.

అన్నయ్యకు, ధనమ్మత్తకు ఫోన్ చేయలేదు. వాళ్ళకు పాలని చెబితే మణి దాకా వస్తుంది. నీ పేరు అట్లాగే ఉండిపోతుంది. అది తెలిసే అడుగుతున్నాను.

యశోద

నరసరావుపేట,
1 జనవరి 2026.

అక్కా,

ఈ కాగితం నువ్వు చదివి చింపెయ్యి. లోపల మడిచి పెట్టినది మణికి.

నీ ఉత్తరం మా ఆయనకు చూపించాను. "నువ్వు రాస్తే నేను నీతో మాట్లాడను" అన్నారు. దీపశ్రీ ఏడ్చింది. రెండేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన దాని పెళ్ళి మార్చిలో, మన వైపు వాళ్ళు ఎవరూ రారని దానికి తెలుసు. స్వామి దీక్ష చెరిపిన ఇంట్లో ఎవరు భోజనం చేస్తారు. నువ్వు దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. తోచి ఉండదు.

మొన్నటి దాకా నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కునేదాన్ని. ఇప్పుడు వెతకాల్సిన పని లేకుండా వస్తున్నాయి. అయినా రాస్తున్నాను. నీ కోసం కాదు. నిన్ను క్షమించానని పొరపాటున కూడా అనుకోకు, ఈ జన్మకు నావల్ల కాదు. ఆకు ముందు నుంచి వాణ్ణి లేపుతుంటే గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డానని రాశావు చూడు, అది నిజం. దాని కోసం రాస్తున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం నా అంతట నేను తీసుకున్నాను. యాకూబు పేరు తీసుకురాలేదు. వాళ్ళ నాన్న కాలం నుంచి స్వాముల కోసం తెల్లవారకముందే బట్టీ కడుగుతున్న మనిషి. ఈ అబద్ధం అతని దాకా పోతే ఇక ఏ స్వామీ అతని దగ్గరికి ట్రే పట్టుకుని పోడు. అందుకని గుడ్డు ఇంట్లో నేనే పూశానని రాశాను. నువ్వు కూడా ఎవరితోనైనా అట్లాగే చెప్పు. ఈ మాట తప్పావంటే మాచర్ల వచ్చి నీ అరుగు మీద నిలబడి అందరికీ వినపడేలా అంతా చెబుతాను.

కృష్ణవేణి

మణీ,

పిన్ని రాస్తున్నాను.

మీ అమ్మ చెప్పింది నిజం. బిస్కెట్ల మీద గుడ్డు పూసింది నేనే. బేకరీలో కాదు, ఇంట్లోనే, ట్రే పట్టుకెళ్ళే ముందు. దీపశ్రీ గిన్నెలో మిగిలిన గుడ్డు ఉంటే, బాగా మెరుస్తాయి కదా అని రాశాను. నువ్వు దీక్షలో ఉన్నావని నాకు తెలుసు. తెలిసీ, చూపుకు బాగుంటాయని చేశాను. ఇందులో మీ అమ్మ తప్పు లేదు, బేకరీవాళ్ళ తప్పు లేదు, నీ తప్పు అసలే లేదు.

నాన్నా, ఇరవై తొమ్మిది రోజులు చన్నీళ్ళు పోసుకున్నది నువ్వు. నేల మీద పడుకున్నది నువ్వు. మందు వాసన వచ్చే వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్ళింది నువ్వు. అవి ఎవరూ తీసుకోలేరు. చెడగొట్టింది నేను. నువ్వు ఓడిపోలేదు.

సోమవారం మళ్ళీ మాల వేసుకో. నన్ను తిట్టుకుంటూ వేసుకున్నా పరవాలేదు. ఈసారి నలభై ఒక్క రోజులూ మీ అమ్మ చేత్తో వండిందే తిను. నా దగ్గర నుంచి ఇంకెప్పుడూ ఏమీ రాదు.

పిన్ని